అటకెక్కిన పేజీ

సోమవారం సోమవారం పూసపాటిరేగలో చేపలమ్మడం అయిపోగానే లక్ష్మణమ్మ ఖాళీ గంప చంకన పెట్టుకుని తిన్నగా యమున కొట్టుకు వచ్చేస్తుంది. జెరాక్సులు, రైలు టిక్కెట్లు, పింఛను దరఖాస్తులు, పోలీసు ఫిర్యాదులు అన్నీ చేసిపెట్టే కొట్టది. బెంచీ మీద ఎంతమంది కూర్చుని ఉన్నా లక్ష్మణమ్మకు వరస పట్టదు. గుమ్మం దగ్గర గంప దించి, చెంగుతో చేతులు తుడుచుకుని, లోపలికి తొంగిచూసి ఒకటే మాట అంటుంది.

"అమ్మీ, కొట్టు."

యమున కంప్యూటర్లో కొడుతుంది. సూరాడ పోతురాజు, గవ్వలపేట. తెర మీద పోతురాజులు బిలబిలమంటూ వచ్చేస్తారు. ఒళ్లంతా పసుపు పూసుకుని కొరడా ఝళిపించే జాతర పోతురాజు ముందొస్తాడు. ఆ వెనక సర్పంచిగా నిలబడి ఓడిపోయిన పోతురాజు, సిమెంటు దుకాణం పోతురాజు, ఎక్కడో కబడ్డీ ఆడే పోతురాజు. లక్ష్మణమ్మ మొగుడు పోతురాజు మాత్రం మచ్చుకైనా ఉండడు.

పద్నాలుగు నెలలుగా కనపడకుండా పోయిన మొగుడు కంప్యూటర్లో కూడా కనపడకపోతే ఎవరికైనా ఒళ్లు మండుతుంది. లక్ష్మణమ్మకు మామూలుగానే మంట ఎక్కువ.

పోతురాజు వెరావల్ వేటకు వెళ్లినవాడు. గవ్వలపేటలో సగం మంది మగవాళ్లు ఏటా వానల్లో గుజరాత్ వెళ్లి, అక్కడి బోట్ల మీద పనిచేసి, ఎండలు ముదిరాక తిరిగొస్తారు. కిందటేడు అలాగే తొమ్మిదిమంది తిరుగు రైలెక్కారు. దారిలో ఏదో పెద్ద స్టేషన్లో నీళ్ల సీసా నింపుకొస్తానని పోతురాజు దిగాడు. రైలు కదిలిపోయింది. ఊళ్లోకి ఎనిమిదిమందే వచ్చారు. వాళ్లతోపాటు అతని ఫోను, బట్టల సంచి వచ్చాయి. తోటివాళ్లు వెనక్కి వెళ్లి వారం రోజులు వెతికారు. పోలీసు కాగితం దాని నడక అది నడిచింది. పోయాడేమో అని ఎవరో ఒకసారి అన్నారు గాని, లక్ష్మణమ్మ చూసిన చూపుకు ఆ మాట రెండోసారి అనలేదు.

యమునది గజపతినగరం దగ్గర రైతు కుటుంబం. కంప్యూటర్ డిప్లొమా చదివి ఇక్కడ కొట్టు పెట్టి నాలుగేళ్లయింది. వేటకు వెళ్లి తిరిగి రానివాళ్ల కోసం మత్స్యకార సంఘం వాళ్లు అడిగితే 'మనోళ్లు' అని ఒక వెబ్‌సైటు తనే కట్టిపెట్టింది. చుట్టుపక్కల పేటల నుంచి పదకొండుమంది. ఒక్కొక్కరికి ఒక్కో పేజీ, ఒక్కో ఫొటో.

"పేజీ ఉన్నాదంతావు," అంది ఒక సోమవారం లక్ష్మణమ్మ. "నువ్వు తీస్తే కనబడతాది. ఊరోలు ఎతికితే కనబడదు. ఇదేటి మాయమ్మీ?"

యమున కుర్చీ ఇటు తిప్పింది. "మాయ కాదక్కా. ఎతికిపెట్టే కంపెనీ మెషీను ఒకటి లోకంలో ఉన్న పేజీలన్నీ సదువుకుంటా తిరుగుతాది. సదివినవన్నీ ఎదురుగా ఎట్టుకోదు. ముఖ్యమనిపించినవి సేతికందేలా కిందన ఎట్టుకుంటాది. అంత ముఖ్యం కాదనిపిస్తే అటకెక్కించెస్తాది. ఎవులైనా ఎతికితే కిందనున్నవే సూపిస్తాది. అటక మీదకి ఎక్కి ఎతకదు."

"మావోడి పేజీ అటక మీదున్నాదా?"

"ఇదిగో, కంపెనీవోలు రాసినారు సూడు. 'ఈ పేజీని చూశాం. ప్రస్తుతానికి చేర్చలేదు.'"

"సూసి కూడానా?" లక్ష్మణమ్మ గొంతు లేచింది. బెంచీ మీదవాళ్లు తలలు తిప్పారు. "సూడకపోతే సూడనేదనుకుందును. సూసి మరీ పక్కకి ఎట్టీసినాడా?"

ఆమె గుమ్మంలోనే కూర్చుని తనకు తెలిసిన లోకంలో పెట్టి చెప్పుకుంది. "ఒడ్డు మీద ఏలంపాటకొచ్చే సావుకారూ అంతేనే. ముందు కోనాం సూస్తాడు, సందువ సూస్తాడు. సిల్లర సేపని కాలితో పక్కకి తోసీస్తాడు. ఆ సిల్లర సేపే గదేటి నాను గంపకెత్తుకుని ఊరూరా అమ్ముతన్నాను? తినీవోలు నేరేటి?"

"ఉన్నారక్కా."

"మరయితే అడుగు ఆ కంపెనీవోడ్ని."

అడిగితే పలికే కంపెనీ కాదని యమున ఎంత చెప్పినా ఆమె ఊరుకోలేదు. ఊరుకునే మనిషైతే ఈ కథ లేదు. మర్నాటినుంచి గవ్వలపేటలో ఫోను ఉన్న ప్రతివాడినీ ఆపి మొగుడి పేరు కొట్టించడం మొదలుపెట్టింది. పదిమంది పదిసార్లు పిలిస్తే పడుకున్నవాడైనా లేస్తాడు గదా అని ఆవిడ లెక్క. ఒడ్డున పేకాడుకునేవాళ్లు ఆమెను చూడగానే ఫోన్లు జేబుల్లో దాచుకునే దాకా వచ్చింది. పోతురాజు మాత్రం అటక దిగలేదు.

అప్పుడు ఇంకో ఆలోచన తట్టింది. "ఒక వలకి పడకపోతే పది వలలు ఎయ్యాల. ఇలాటి పేజీలే ఇంకో పది కట్టు."

యమునకు లోపల అనుమానంగానే ఉంది. కాని ఆ ముఖం చూసి కాదనలేకపోయింది. అదే ఫొటో, అదే రాత, పేర్లు మాత్రం కాస్త అటూ ఇటూ మార్చి పది పేజీలు కట్టేసింది. గవ్వలపేట పోతురాజు, పోతురాజు సూరాడ, వెరావల్ పోతురాజు, ఇలా.

పదిహేను రోజుల్లో కొంప మునిగింది. కొత్త పేజీలు పదీ నకళ్లని తేల్చి మెషీను పక్కన పడేసింది. అంతటితో పోతే బాగుండును. పదకొండుమందిలో ముగ్గురి పేజీలు అంతవరకు వెతికితే దొరికేవి. ఇంత చెత్త ఉన్న సైటులో ఇవి మాత్రం ఏపాటివిలే అనుకుందో ఏమో, మెషీను ఆ మూడింటినీ కూడా అటకెక్కించింది. ఇప్పుడు సైటు మొదటి పేజీ తప్ప ఏదీ రావడం లేదు.

ఆ ముగ్గురిలో ఒకడు తవిటమ్మ తమ్ముడు. ఆవిడ పక్కపేట నుంచి ఆటో కట్టించుకుని వచ్చి కొట్టు ముందు నిలబడింది. "నీ మొగుడి కోసం నా తమ్ముడ్ని తోసీస్తావేటే? ఆడొక్కడైనా కనబడతన్నాడని నాను బతుకుతన్నాను!" అని లక్ష్మణమ్మను పట్టుకుని దులిపేసింది. మాటకు మాట తెలిసిన లక్ష్మణమ్మ ఆ రోజు ఒక్క మాటైనా తిరిగి అనలేదు. తప్పు తనదని ఆమెకు తెలుసు, అందుకు సిగ్గుపడింది కూడా.

యమున నకళ్లన్నీ తీసిపారేసింది. తవిటమ్మను బతిమాలి పంపించాక పదకొండు పేజీలూ వరసగా తెర మీద పెట్టుకుని పైకి చదవడం మొదలుపెట్టింది.

"వయసు నలభై ఆరు. ఎత్తు అయిదున్నర అడుగులు. చామనఛాయ. గళ్ల లుంగీ, తెల్ల బనియను. ప్రత్యేకమైన గుర్తులు లేవు. ఆచూకీ తెలిసినవారు ఈ కింది నంబరుకు..." అదయ్యాక రెండోది. "వయసు ముప్పై తొమ్మిది. ఎత్తు అయిదున్నర అడుగులు. చామనఛాయ. గళ్ల లుంగీ..." మూడోది సగంలోనే చదవడం ఆపేసింది.

"ఇందులో మావోడు ఎవులు?" అనడిగింది లక్ష్మణమ్మ. ఆవిడకు చదువు రాదు.

"అదే గదక్కా. పేరు తీసెస్తే నాకూ తెలవదు. రోజూ పోలీసు ఫిర్యాదులు టైపు సేసి సేసి అదే మూసలో పదకొండుమందినీ పోసీసినాను. మెషీనుకి ఇవి పదకొండు పేజీలు కావు, ఒక్క పేజీయే. పదకొండుసార్లు ఎందుకెట్టుకుంటాది? తప్పు నాదే." యమున కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. "ఇప్పుడు నువ్వు సెప్పు. నీ మొగుడికున్నది, ఇంకెవులికీ నేనిది. ఏటి తింటాడు, ఎలగ నవ్వుతాడు, దేనికి కోప్పడతాడు. ఎంత సెప్తే అంత రాస్తాను."

లక్ష్మణమ్మ చటుక్కున లేచి నిలబడింది.

గవ్వలపేటలో ఒక మనిషి సంగతి అలా విప్పి చెప్పుకునే సందర్భం ఒక్కటే. సముద్రం మనిషిని తీసుకుపోయిందని ఖాయమయ్యాక ఆడవాళ్లు జుట్లు విరబోసుకుని చుట్టూ కూర్చుంటారు. పెళ్లాం మొదలుపెడుతుంది. నువ్వు పీతల పులుసు అడిగేవాడివే, తలపాగా వంకరగా కట్టేవాడివే, ఆడపిల్ల పుడితే ఊరంతా తిరిగి చెప్పావే అని ఒక్కొక్కటే తీసి ఏడుస్తుంది. తక్కినవాళ్లు అందుకుంటారు. దాన్నే ఏడుపు కట్టడం అంటారు. బతికున్నవాణ్ణి గురించి అలా మాట్లాడకూడదు. మాట్లాడితే అతణ్ణి చచ్చినవాళ్లలో కలిపేసినట్టే. సైటు కోసం యమున అడిగినప్పుడు పదకొండిళ్ల ఆడవాళ్లూ ఎత్తు, రంగు, లుంగీ చెప్పి నోళ్లు కట్టేసుకున్నది అందుకే. గజపతినగరం పిల్లకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.

"సెప్తే ఆడ్ని నా నోటితో సంపీసినట్టేనమ్మీ," అంది లక్ష్మణమ్మ. గంప ఎత్తుకుని వెళ్లిపోయింది.

రెండు సోమవారాలు రాలేదు. ఆమె చేపలు అమ్ముతూనే ఉంది, ఊళ్లు తిరుగుతూనే ఉంది, కొట్టు ఉన్న వీధి మాత్రం తప్పించుకుని పోయింది.

మూడో సోమవారం బస్టాండు గోడ మీద కొత్తగా అంటించిన కాగితం ఒకటి ఆమె కంటపడింది. ఫొటో ముఖం వానకు తడిసి చెదిరిపోయింది. పక్కన బస్సు కోసం నిలబడ్డ కాలేజీ పిల్లను పిలిచి చదవమంది. "ఎత్తు అయిదున్నర అడుగులు, చామనఛాయ, గళ్ల లుంగీ..." అని ఆ పిల్ల చదువుతుంటే లక్ష్మణమ్మ గోడకు దగ్గరగా జరిగింది. తన మొగుడే. ఎవరో చూశారు, ఎవరో రాశారు. ఆమె కాగితం మీద చెయ్యి వేసి నిమిరింది కూడా. అప్పుడు ఆ పిల్ల పేరు చదివింది. ఎవరో నెల్లిమర్ల మనిషి.

లక్ష్మణమ్మ ఆ గోడ ముందు అలాగే నిలబడిపోయింది. ఇరవై రెండేళ్లు కాపురం చేసిన తనే ఆ మాటలు విని వేరే మనిషిని మొగుడనుకుంది. అలాంటప్పుడు ఎక్కడో దూరదేశంలో ముక్కూ ముఖం తెలియనివాళ్లు ఏం పోల్చుకుంటారు? మెషీను ఏం పోల్చుకుంటుంది? ఆమెకు మొదట భయం వేసింది, తర్వాత చెప్పలేనంత కోపం వచ్చింది. ఆ కోపంతోనే కొట్టుకు నడిచింది.

"రేపు మా ఇంటికి రా," అంది యమునతో, గుమ్మం ఎక్కకుండానే. "మా అత్త ముందే సెప్తాను. సాటుగా సెప్పను."

మర్నాడు మధ్యాహ్నం యమున గవ్వలపేట వెళ్లేసరికి లక్ష్మణమ్మ తలంటుకుని, సిగ గట్టిగా చుట్టుకుని, రూపాయంత బొట్టు పెట్టుకుని అరుగు మీద కూర్చుని ఉంది. అత్త నారాయణమ్మ పక్కనే చిరిగిన వల ఒళ్లో వేసుకుని కుడుతోంది. యమున ఫోను మధ్యలో పెట్టి రికార్డింగు నొక్కింది. సంగతేమిటో తెలియగానే ముసలావిడ వల అవతల పారేసింది.

"బతికున్నోడి మీద ఏడుపు కడతావేటే? నా కడుపున పుట్టినోడే ఆడు. నోరు ముయ్యే!"

"అత్తా, జుట్టు ఇరబోసుకుంటే ఏడుపు. సిగ సుట్టుకున్నాను సూడు. బొట్టెట్టుకున్నాను సూడు. కంట్లో తడి ఉంటే నన్ను సెప్పట్టుకుని కొట్టు. ఇది ఏడుపు కాదు. ఆడికి కబురెడతన్నాను."

నారాయణమ్మ ముఖం పక్కకు తిప్పేసుకుంది. లక్ష్మణమ్మ మొదలుపెట్టింది.

పోతురాజు టీలో పంచదారకు బదులు ఉప్పు వేసుకుంటాడు. ఎవరి కొట్లో తాగినా అంతే, నవ్వితే నవ్వుకోనీ అంటాడు. నడిసముద్రంలో గాలివానకు బెదరడు గాని గోడ మీద బల్లిని చూస్తే మంచమెక్కుతాడు. అల ఎదురొస్తే "మావా, తప్పుకో" అంటాడు. దగ్గొస్తే దగ్గునే తిడతాడు. కూతురు పుష్పవతి అయిన రోజు వెరావల్ నుంచి ఫోను చేసి, ఏం మాట్లాడాలో తెలియక అక్కడ ఏ చేప ఎంతకు పోతోందో అరగంట చెప్పాడు. ఎవరైనా చచ్చిపోయారంటే రెండు రోజులు అన్నం తినడు, అదేమిటంటే కడుపునొప్పి అంటాడు. పాట రాదు. రాని పాటే పాడతాడు. ఒకసారి నడుముకు తాడు కట్టుకుని...

అక్కడ ఆగి అరుగు స్తంభాన్ని రెండు చేతులా పట్టుకుంది. కంట్లో నీరు రానివ్వలేదు. యమున ఫోను ఆపబోతే చేత్తోనే వారించి మళ్లీ అందుకుంది. గంటన్నర చెప్పింది.

అయిపోయిందనుకున్నాక నారాయణమ్మ ముఖం ఇటు తిప్పింది.

"నిద్దట్లో ఆడనే మాట సెప్పనేదేటే?"

"అది సెప్పకూడదు గదత్తా."

"నాను సెప్తాను. రాసుకో అమ్మీ. 'కొండ నెత్తిన తాటిసెట్టు కూకుంటే కిందన కోనాం.'"

యమునకు అర్థం కాలేదు. లక్ష్మణమ్మ మాత్రం ఉలిక్కిపడింది. ఒడ్డుకు దూరంగా పోయాక నీళ్ల మీద దారులుండవు. ఒడ్డునున్న రెండు గుర్తులు ఒకదాని మీదికి ఒకటి వచ్చేలా పడవను నిలుపుకుంటేనే వేట చోటు తెలుస్తుంది. ఫలానా కొండ మీదికి ఫలానా తాటిచెట్టు వచ్చి కూర్చున్నట్టు కనబడిందంటే, సరిగ్గా ఆ కింద నీళ్లలో బండ ఉంది, ఆ బండ దగ్గర కోనాం చేప మూగుతుంది. ఆ గుర్తు మామగారు కొడుక్కి మాత్రమే చెప్పి పోయాడు. పోతురాజు మెలకువలో ఎవరితోనూ అనలేదు గాని నిద్దట్లో జపంలాగా అనేవాడు.

"అత్తా, లోకానికి తెలిసిపోతాది. రేపు పదిమంది ఎల్లి ఆ బండ మీద వలలేస్తారు."

"ఎయ్యనీ. కోనాం ఎవుడు పట్టుకుంటే నాకేటి? నా కొడుకు నాకు కావాల." ముసలావిడ వల మళ్లీ ఒళ్లోకి లాక్కుంది. చిరిగిన చోటు వెతికి ముడి వెయ్యడం మొదలుపెట్టింది.

యమున ఆ పేజీని మూస లేకుండా, లక్ష్మణమ్మ చెప్పినది చెప్పినట్టే రాసింది. అంతటితో ఆగలేదు. ఇదివరకు పదకొండు పేజీలనూ సైటులో ఏదో మూల జాబితా కింద తోసేసింది. మనమే మూలకు నెట్టిన పేజీని మెషీను మాత్రం ముందుకు ఎందుకు తెస్తుంది? అందుకని మొదటి పేజీలోనే పైన పోతురాజు పేరు వేసి, టీలో ఉప్పు వేసుకునే మనిషి అని పక్కన ఒక వాక్యం రాసి, అక్కడ నొక్కితే లోపలికి పోయేలా దారి కట్టింది. మత్స్యకార సంఘం వాళ్ల సైటులోంచి, విజయనగరంలో తనకు పాఠం చెప్పిన మాస్టారి సైటులోంచి కూడా ఆ పేజీకి దారులు వేయించింది. మళ్లీ వచ్చి చదవమని కంపెనీకి అర్జీ పెట్టింది.

మొదటి సోమవారం జవాబు: చూశాం, ప్రస్తుతానికి చేర్చలేదు.

"ఇంకోపాలి అడుగు," అంది లక్ష్మణమ్మ.

రెండో సోమవారం అదే జవాబు. మూడో సోమవారం అదే. ఒకసారి పేరు చెడ్డ సైటును మెషీను అంత తొందరగా నమ్మదని, నెలలు పట్టొచ్చని యమున నెమ్మదిగా చెప్పింది. మనసులో ఆమెకూ ఆశ తగ్గిపోతోంది.

"నమ్మకపోతే నమ్మీవరకు రాద్దాం. నాకు ఇరవై రెండేళ్ల సంగతులున్నాయి. వారానికొకటి సెప్తాను, రాస్తా ఉండు. దానికి సదివే ఓపికున్నాది గదా, నాకు సెప్పే ఓపికున్నాది." లక్ష్మణమ్మ చెప్పింది చెప్పినట్టు చేసింది. ప్రతి సోమవారం గుమ్మంలో కూర్చుని ఒక సంగతి చెప్పడం, యమున దాన్ని పేజీలో కలపడం. బెంచీ మీదవాళ్లు తమ పని మరిచిపోయి వినేవారు. అయిదో సోమవారం తవిటమ్మ వచ్చింది. పోట్లాడడానికి కాదు. సిగ చుట్టుకుని, బొట్టు పెట్టుకుని వచ్చి, బెంచీ చివర కూర్చుని, "మా తమ్ముడికి నత్తి," అని మొదలుపెట్టింది.

ఏడో సోమవారం యమున పేరు కొట్టి, కిందికి జరుపుతూ పోయి, చటుక్కున ఆగింది. జాతర పోతురాజు కింద, సిమెంటు పోతురాజు కన్నా పైన, ఒక కొత్త వరస. "టీలో ఉప్పు వేసుకునే సూరాడ పోతురాజు, గవ్వలపేట." పక్కన చిన్న ఫొటో.

లక్ష్మణమ్మ రెండుసార్లు చదివించుకుంది. తెర దగ్గరగా ముఖం పెట్టి ఫొటో చూసింది. "దిగినాడే, అటక దిగినాడే," అంది.

ఆ తర్వాత పన్నెండు రోజులకు, శుక్రవారం పొద్దున్న, పేజీలో ఇచ్చిన నంబరుకు ఫోనొచ్చింది. యమున ఎత్తింది. షోలాపూర్ నుంచి అనూరాధట. దిక్కులేనివాళ్లను చేరదీసే ఆశ్రమంలో పనిచేస్తుంది. వాళ్ల తాతలు తెలుగు ప్రాంతం నుంచి మగ్గం పనికి వలస వెళ్లినవాళ్లు కాబట్టి ఇంట్లో తెలుగే మాట్లాడతారు, చదవడం మాత్రం రాదు. సగం విని యమున ఆగమంది. కొట్టు తలుపులైనా వెయ్యకుండా, ఫోను చెవికి ఆనించుకునే చేపల బజారుకు పరుగెత్తింది.

లక్ష్మణమ్మ చేతులు పొలుసుతో నిండి ఉన్నాయి. యమునే ఫోను పట్టుకుని అందరికీ వినబడేలా పెట్టింది. పక్క గంపలవాళ్లు బేరాలు ఆపేశారు.

"అమ్మా, మా దగ్గర ఒకాయన ఉన్నడు," అంది అనూరాధ. "తలకు దెబ్బ తగిలి దవాఖానల ఉంటే పోలీసోళ్లు తెచ్చి ఇడిచిన్రు. పేరు చెప్పడు, ఊరు చెప్పడు. ఒక్కటే మాట అంటడు, కొండ, తాటిచెట్టు, కోనాం అని. నాలుగు నెలల కింద నేను ఆ మాటనే ఫోన్ల చెప్పి వెతికిన, ఏం రాలే. నిన్న ఊకెనే మళ్ల చెప్పి చూస్తే మీ పేజీ వచ్చింది, ఫోన్‌తోనే చదివించి విన్న. ఫొటోల మనిషికి గడ్డం లేదు, ఈయనకు గడ్డం ఉంది. కండ్లు మాత్రం గట్లనే ఉన్నయి."

"ఆడే," అంది లక్ష్మణమ్మ. "ఆడేనమ్మా. నానొస్తన్నాను."

"ఆగుండ్రి. మా ఆశ్రమంల ఒక రూలుంది. పేజీల ఉన్నది ఎవరైనా చదివి మావాడే అనొచ్చు. ఇంతకుముందు అట్ల అయింది కూడా. అందుకే పేజీల లేనిది ఏదన్న ఒక్కటి చెప్పాలె."

లక్ష్మణమ్మ వేళ్లు మడిచి లెక్కపెట్టుకుంది. బల్లి, ఉప్పు టీ, దగ్గు, రాని పాట, చివరికి మామగారి గుర్తుతో సహా అన్నీ ఆ పేజీకి పోసేసింది. వారం వారం ఊడ్చి మరీ పోసింది. "అన్నీ సెప్పీసినాను గదమ్మా," అంది, గొంతు పీలగా. "నా దగ్గర ఇంకేటీ నేదు."

బజారంతా ఆమె వంకే చూస్తోంది. లక్ష్మణమ్మ అటూ ఇటూ చూసి, అత్తగారు అక్కడ లేదని తెలిసినా, గొంతు తగ్గించింది.

"ఎడం కాలు సిటికెన వేలికి గోరు నేదు. పెళ్లయిన తొమ్మిదోనాడు తగువులో కత్తిపీట కాలితో తన్నీసినాను. ఎల్లి ఆడి కాలు మీద పడ్డాది. నెత్తుటితో కూకుని కూడా మా అత్తకి పీత కరిసిందని సెప్పినాడు. నేటివరకు మా ఇంట్లో అందరికీ అది పీతే. పోలీసు కాగితంలో గుర్తులు నేవని రాయించింది కూడా నానే. మా అత్త పక్కనుంటే ఎలగ సెప్పనమ్మా?"

"లైన్ల ఉండుండ్రి," అంది అనూరాధ. అడుగుల చప్పుడు వినబడింది. తలుపు కిర్రుమంది. ఎవరో మరాఠీలో ఏదో అడిగారు. ఫ్యాను తిరుగుతున్న గదిలోకి వెళ్లినట్టుంది. ఇక్కడ చేపల మీద ఈగలు తోలేవాళ్లు కూడా లేరు. లక్ష్మణమ్మ పొలుసు చేతుల్తోనే యమున మణికట్టు పట్టుకుంది.

"అమ్మా," అంది అనూరాధ. "గోరు లేదు. ఎడమ కాలే. ఇదేమైంది కాకా అని అడిగిన. ఇన్ని నెలల్ల ఏదడిగినా ఆ కొండ మాటనే తప్ప జవాబియ్యని మనిషి. ఇప్పుడు నా దిక్కు చూసి 'పీత కరిసింది' అంటుండు."

లక్ష్మణమ్మ తడి సిమెంటు మీద చతికిలబడిపోయింది. ఏడుస్తోందో నవ్వుతోందో పక్కవాళ్లకు తెలియలేదు. ఫోను తన వైపు తిప్పమని యమునకు సైగ చేసింది.

"ఆళ్లమ్మ ఇక్కడ నేదని సెప్పమ్మా ఆడికి," అంది. "ఇంక నిజం సెప్పీయమను."